ఉత్తర దక్షిణ డైకులు పటంలో ఎందుకు మసకబారతాయి?

హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్ నేలలో నల్లరాతి చారలు తరచూ కనిపిస్తాయి. వందల కోట్ల ఏళ్ల కిందట పగుళ్లలోకి చొరబడిన శిలాద్రవం గడ్డకట్టి ఏర్పడిన డోలరైట్ డైకులివి. ఈ ప్రాంతం కూడా భాగమైన పురాతన శిలాఖండం ధార్వార్ క్రేటాన్‌లో తూర్పు పడమరలుగా సాగే ఒక పెద్ద డైకుల సమూహం వయసు దాదాపు 237 కోట్ల ఏళ్లని సీసం ఐసోటోపుల కొలతలు చెబుతున్నాయి.

మట్టి కప్పేసిన చోట వీటి జాడ తీయడానికి అయస్కాంత సర్వే బాగా అక్కరకొస్తుంది. డోలరైట్‌లో మాగ్నటైట్ అనే అయస్కాంత ఖనిజం సాధారణంగా గ్రానైట్‌లో కన్నా ఎక్కువ. ఇక్కడి భూ అయస్కాంత క్షేత్రం సుమారు 43,000 నానోటెస్లాలు. డైక్ తెచ్చే తేడా తరచూ కొన్ని వందలకు మించదు. పగటిపూట క్షేత్రం తనంతట తానే పదుల నానోటెస్లాల మేర మారుతుంది కాబట్టి, ఒక మాగ్నెటోమీటర్‌ను కదల్చకుండా ఒకేచోట ఉంచి ఆ మార్పును లెక్కలోంచి తీసేస్తారు. ఇంతవరకూ పేచీ లేదు.

చిక్కంతా పటాన్ని చదవడంలోనే. హైదరాబాద్‌లో క్షేత్రరేఖలు నేలతో 30 డిగ్రీల లోపు కోణం చేస్తూ దాదాపు ఉత్తరానికి సాగుతాయి. తూర్పు పడమరల డైక్‌ను అవి అడ్డంగా దాటుతాయి. దాని రెండు అంచులూ అయస్కాంత ధ్రువాల్లా పనిచేసి పటంలో స్పష్టమైన గీత పడుతుంది. ఉత్తర దక్షిణ డైక్‌లోనైతే క్షేత్రపు క్షితిజ సమాంతర భాగం రాయి పొడవునా సాగిపోతుంది, పక్క అంచుల్లో ధ్రువాలు ఏర్పడవు. నిలువు భాగం పుట్టించే బలహీన సంకేతమే మిగులుతుంది. రాయి అదే, మందం అదే అయినా పటంలో ఒకటి కొట్టొచ్చినట్టు, రెండోది మసకగా ఉంటుంది.

సంకేతాన్ని ధ్రువం దగ్గర కొలిచినట్టుగా మార్చే గణితం ఉంది. భూమధ్యరేఖకు చేరువలో అది ఉత్తర దక్షిణ దిశలోని చిన్న పొరపాట్లను పెంచి, లేని చారలను కూడా చూపగలదు. దానికి తోడు, రాయి చల్లబడిన నాటి క్షేత్ర దిశను తనలో దాచుకుంటుంది. ఆ పాత అయస్కాంతత్వం బలంగా ఉంటే సంకేతం తలకిందులు కావచ్చు. లోతు అంచనాలూ ఒక్కటే జవాబివ్వవు. వేర్వేరు ఆకారాలు ఒకే సంకేతాన్ని ఇవ్వగలవు.

ఇది పటాలకే పరిమితమైన చర్చ కాదు. డైకులు కొన్నిచోట్ల భూగర్భజలానికి అడ్డుకట్టలవుతాయి, వాటి పగిలిన అంచులు మరికొన్నిచోట్ల నీటిని నిలుపుతాయి. కాబట్టి గీత కనిపించలేదని డైక్ లేదని రాయకూడదు. నేల మీది రాళ్లను చూసి, విద్యుత్ నిరోధకత కొలతలతో సరిపోల్చిన తర్వాతే బోరు వేసే చోటు చెప్పాలి.