ఇంటిపేరు దాటిన వారసత్వం: హైదరాబాదులో వంశపారంపర్య రొమ్ముక్యాన్సర్ అవగాహన - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

రొమ్ముక్యాన్సర్‌లలో సుమారు 5 నుంచి 10 శాతం వరకు తల్లి నుంచి గాని తండ్రి నుంచి గాని సంక్రమించిన జన్యుదోషాల వల్ల కలుగుతాయి. ఈ ముప్పును గుర్తించడానికి కుటుంబచరిత్రే తొలి ఆధారం. అయితే తెలుగు కుటుంబస్మృతి ఇంటిపేరు వెంట నడుస్తుంది. జన్యువు అలా నడవదు. ఈ వైరుధ్యం దృష్ట్యా హైదరాబాదులో క్యాన్సర్ వైద్యం, జన్యుపరిశోధన, జన్యుపరీక్షలు ఎదిగిన క్రమాన్ని పరిశీలించి, సైబరాబాద్ ప్రాంతంలో నేడు లభిస్తున్న ఆసరాను, దాని పరిమితులను చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వంశపారంపర్యం, రొమ్ముక్యాన్సర్, ఇంటిపేరు, మేనత్త, జన్యు సలహా, సైబరాబాద్.

1. ఉపోద్ఘాతం:

1998 నవంబరు 22న నాటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తరువాతి కాలంలో తెలుగు జిల్లాల నుంచి వేలాదిమంది యువతులు ఉద్యోగాల కోసం ఈ ప్రాంతానికి వచ్చారు. వారి జీతం, నివాసం, వైద్యబీమా ఇక్కడ ఉన్నాయి. కుటుంబజ్ఞాపకం మాత్రం స్వగ్రామంలో, పెద్దల నోట ఉండిపోయింది. ఆరోగ్యపరీక్షకు వెళ్లిన యువతిని "మీ కుటుంబంలో ఎవరికైనా క్యాన్సర్ వచ్చిందా?" అని అడిగితే సమాధానం ఆమె వద్ద ఉండకపోవచ్చు. ఇందుకు ఆమె అశ్రద్ధ ఒక్కటే కారణం కాదు. కుటుంబం దేనిని గుర్తుపెట్టుకుంటుంది, దేనిని మరచిపోతుంది అన్న సామాజిక చరిత్ర కూడా ఇందులో ఉంది.

2. పుండు నుంచి జన్యువు వరకు:

తెలుగులో క్యాన్సర్‌కు 'రాచపుండు' అన్న పాతమాట ఉంది. సంస్కృత వైద్యపరిభాష నుంచి 'అర్బుదం' వచ్చింది. మొదటిది పుండును, రెండవది గడ్డను సూచిస్తుంది. అంటే రెండూ కంటికి కనిపించే, చేతికి తగిలే రోగానికి పెట్టిన పేర్లు. రోగం రాకముందే శరీరంలో ఉండే ముప్పును చెప్పే మాట వాడుకలో స్థిరపడలేదు.

ఈ ముప్పు వంశంలో సాగుతుందన్న ఆలోచన ఐరోపాలో 19వ శతాబ్దంలోనే నమోదైంది. ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా 1866లో తన భార్య పుట్టింటివారిలో తరతరాలుగా వచ్చిన రొమ్ముక్యాన్సర్ మరణాలను వివరించాడు. ఈ విషయంలో తొలి ప్రసిద్ధ వంశవృక్షాలలో ఒకటి భార్య వైపు కుటుంబానిది కావడం గమనార్హం. 1990లో అమెరికన్ శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ బృందం 17వ క్రోమోజోముపై ఈ ముప్పుకు కారణమైన జన్యుస్థానాన్ని చూపింది. 1994లో బీఆర్‌సీఏ1, 1995లో బీఆర్‌సీఏ2 జన్యువులను వేరుపరిచారు. దెబ్బతిన్న డీఎన్ఏను సరిచేయడం వీటి పని. 2017లో ప్రచురితమైన ఒక పెద్ద అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం, 80 ఏళ్ల వయసులోపు రొమ్ముక్యాన్సర్ వచ్చే అవకాశం బీఆర్‌సీఏ1 దోషం ఉన్న స్త్రీలలో సుమారు 72 శాతం, బీఆర్‌సీఏ2 దోషం ఉన్నవారిలో సుమారు 69 శాతం. అండాశయ క్యాన్సర్ ముప్పు కూడా పెరుగుతుంది.

3. వంశవృక్షంలో లేని మేనత్త:

ఈ జన్యుదోషం తల్లి నుంచైనా తండ్రి నుంచైనా బిడ్డకు సంక్రమించే అవకాశం సగానికి సగం. బిడ్డ ఆడైనా మగైనా ఇందులో తేడా లేదు. తెలుగు కుటుంబాలలో వంశక్రమం సాధారణంగా ఇంటిపేరుతో, గోత్రంతో పురుషుల వెంట సాగుతుంది. పెళ్లితో ఆడపిల్ల ఇంటిపేరు మారుతుంది. పుట్టింటి శుభకార్యాలలో ఆడపడుచుకు లాంఛనాలు దక్కుతాయి కాని, ఆమె అనారోగ్యం పుట్టింటి చరిత్రలో భాగం కాదు. అది మెట్టినింటి విషయమవుతుంది. తరువాతి తరంలో మేనత్త ఏ జబ్బుతో, ఏ వయసులో మరణించిందో చెప్పగలిగేవారు కరవవుతారు.

రొమ్ముక్యాన్సర్ ఆడవారి జబ్బు కనుక తల్లి వైపు చూస్తే చాలునన్న అపోహ ఈ మరపును బలపరుస్తుంది. నాయనమ్మ నుంచి తండ్రికి వచ్చిన దోషం అతనిలో ఏ లక్షణమూ చూపకుండానే కుమార్తెకు చేరవచ్చు. తండ్రికి అక్కచెల్లెళ్లు లేకపోతే ఆ తరంలో దాని జాడ కూడా కనిపించకపోవచ్చు.

మేనరికం వల్లనే ఈ జబ్బు వస్తుందనుకోవడం మరొక అపోహ. మేనరికం ప్రధానంగా తల్లిదండ్రులిద్దరి నుంచీ దోషం అందితేనే బయటపడే జబ్బులకు సంబంధించింది. బీఆర్‌సీఏ విషయంలో ఒక్కరి నుంచి సంక్రమించినా ముప్పు పెరుగుతుంది. అంతర్వివాహాల చరిత్ర మరో విధంగా ముఖ్యమైనది. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు లాల్‌జీ సింగ్, కుమారసామి తంగరాజ్, అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ రైక్ ప్రభృతులు 2009లో ప్రచురించిన పరిశోధన, అనేక భారతీయ సముదాయాలు కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించి, తరతరాలుగా తమలో తామే వివాహాలు చేసుకున్నాయని చూపింది. రొమ్ముక్యాన్సర్ ఆ పరిశోధన విషయం కాదు. కాని పాశ్చాత్యుల జన్యుసమాచారంతోనే ఇక్కడి ముప్పును అంచనా వేయడం చాలదని దాని నుంచి గ్రహించవచ్చు.

4. హైదరాబాదు సంస్థల క్రమం:

నగరంలో క్యాన్సర్ సంస్థల చరిత్ర చికిత్సతో మొదలై క్రమంగా ముప్పు వైపు కదిలింది. 1955లో ఏర్పడిన రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, తరువాత గుజరాత్ తొలి గవర్నరైన మెహదీ నవాజ్ జంగ్ పేరును ధరించింది. అది రోగం వచ్చినవారి ఆశ్రయం. 1977లో మొదలైన సీసీఎంబీ జీవాణువుల అధ్యయనానికి పునాది వేసింది. 2000లో బంజారాహిల్స్‌లో ప్రారంభమైన క్యాన్సర్ ఆసుపత్రికి, క్యాన్సర్‌తో మరణించిన నందమూరి తారక రామారావు సతీమణి బసవతారకం పేరు పెట్టారు. 2007లో శస్త్రవైద్యులు పి. రఘురామ్, రొమ్ముక్యాన్సర్ బారిన పడిన తన తల్లి ఉషాలక్ష్మి పేరిట ఫౌండేషన్‌ను స్థాపించి అవగాహన కార్యక్రమాలు చేపట్టారు.

చివరి రెండు సంస్థలు కుటుంబంలోని స్త్రీ అనారోగ్యాన్ని దాచకుండా, ఆమె పేరుతోనే ప్రజాస్మృతిలోకి తెచ్చాయి. వంశవృక్షం విడిచిన పేరును సంస్థ నిలబెట్టడం సాంస్కృతికంగా చెప్పుకోదగిన మార్పు.

2013 మే నెలలో నటి ఏంజెలీనా జోలీ తన బీఆర్‌సీఏ1 దోషాన్ని, ముందుజాగ్రత్తగా చేయించుకున్న శస్త్రచికిత్సను వెల్లడించారు. సహజ జన్యువుపై పేటెంటు చెల్లదని ఆ జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే సంవత్సరం హైదరాబాదులో అను ఆచార్య మ్యాప్‌మైజీనోమ్ సంస్థను నెలకొల్పారు. ఈ విధంగా జన్యుపరీక్ష పరిశోధనశాల దాటి వినియోగదారుల చెంతకు వచ్చింది.

5. లభిస్తున్న ఆసరా, పరిమితులు:

పరీక్ష సులభమైనంత మాత్రాన అవగాహన సులభం కాదు. జన్యు సలహాదారు మొదట మూడు తరాల వంశవృక్షం గీస్తారు. ఇరువైపులా ఎవరికి, ఏ క్యాన్సర్, ఏ వయసులో వచ్చిందో అడుగుతారు. వీలైతే వ్యాధి వచ్చిన బంధువుకే ముందు పరీక్ష చేయడం మేలు. ఆమెలో దోషం దొరికితే మిగిలినవారిలో దేనిని వెదకాలో స్పష్టమవుతుంది. కొన్నిసార్లు అర్థం తేలని మార్పులు బయటపడతాయి. వాటిని బట్టి శస్త్రచికిత్స నిర్ణయం తీసుకోకూడదు.

దోషం నిర్ధారణ అయినా రోగం ఉన్నట్లు కాదు. 25 ఏళ్ల నుంచి ఏటా ఎంఆర్ఐ, 30 ఏళ్ల నుంచి దానితోపాటు మామోగ్రఫీ, అవసరమైనవారికి మందులు, కోరుకున్నవారికి నివారణ శస్త్రచికిత్స వంటి మార్గాలను అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. వివాహం, సంతానం గురించి ఆలోచించే వయసులోనే ఈ నిర్ణయాలు ఎదురవుతాయి. పెళ్లిసంబంధాలు చెడతాయన్న భయం వల్ల ఫలితాన్ని తోబుట్టువులకు కూడా చెప్పని పరిస్థితి ఏర్పడవచ్చు. ఆ మౌనం వారికి దక్కవలసిన అవకాశాన్ని హరిస్తుంది.

2018 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు, జన్యుస్వభావం ఆధారంగా ఆరోగ్యబీమాలో వివక్ష చూపడం రాజ్యాంగవిరుద్ధమని పేర్కొంది. ఆ తీర్పు విస్తృతి తరువాత సుప్రీంకోర్టులో ప్రశ్నకు గురైంది. 2018 మార్చిలోనే బీమా నియంత్రణ సంస్థ, కొత్త ఆరోగ్యబీమా పాలసీలలో జన్యువ్యాధులను మినహాయింపుగా చేర్చవద్దని ఆదేశించింది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం నానక్‌రామ్‌గూడలో, ఐటీ సంస్థల నడుమనే ఉంది. అయినా అమెరికాలో 2008లో వచ్చినటువంటి ప్రత్యేక జన్యువివక్ష నిరోధక చట్టం భారతదేశంలో లేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదలకు క్యాన్సర్ చికిత్సను చేరువ చేసింది. దాని నిర్మాణం రోగం వచ్చిన తరువాతి చికిత్స చుట్టూ ఏర్పడింది. అందువల్ల ముప్పును ముందే తెలుసుకోవడం ఎక్కువగా ఆర్థికస్తోమత ఉన్నవారికే సాధ్యమవుతోంది.

6. ముగింపు:

ఆసుపత్రి, పరిశోధనాలయం, పరీక్షాకేంద్రం, బీమా నియంత్రణ వ్యవస్థ - ఇవన్నీ ఒకే నగరంలో ఉన్నాయి. వీటిని కలిపే కుటుంబకథనం మాత్రం బలహీనంగా ఉంది. తెలుగులో జన్యు సలహాకు తగిన పరిభాష రూపొందాలి. 'ముప్పు'కు 'రోగా'నికి గల తేడాను ఆ పరిభాష స్పష్టపరచాలి. ఈ పనిలో వైద్యులతోపాటు భాషావేత్తలకూ బాధ్యత ఉంది. మేనత్త, నాయనమ్మ, అమ్మమ్మ, పినతల్లి ఏ వయసులో ఏ జబ్బుపడ్డారో రాసిపెట్టుకోవడానికి ప్రయోగశాల అవసరం లేదు. ఇంటిపేరు మారిన స్త్రీలను మళ్లీ వంశవృక్షంలో చేర్చడం చరిత్రరచనకు ఎంత అవసరమో, తరువాతి తరపు ఆడపిల్లల ఆరోగ్యరక్షణకూ అంతే అవసరం.