తెడ్డు పట్టిన పంతులు

చెన్నపట్నంలో బోట్ క్లబ్ రోడ్డు అనగానే మనవాళ్లకు మొదట తట్టేది అక్కడి నేల ధర. బ్యాంకువాణ్ణి కనుక నాకూ అంతే. ఇంటి రుణాల కాగితాల్లో ఆ పేరు కనబడితే కళ్లద్దాలు సవరించుకుని అంకె మరోసారి చూసేవాణ్ణి. ఆ పేరు వెనక ఒక నది, పడవలు, నూటయాభై ఏళ్లు దాటిన చరిత్ర ఉన్నాయని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను.

మద్రాసు బోట్ క్లబ్ పుట్టింది 1867లో. దొరల క్లబ్బు అది. 1898 నుంచి కొలంబో జట్టుతో పడవ పందేలు ఆడింది. దొరలకు తెడ్డు వేయడం ఒక వేడుక. అదే కాలంలో, అదే ఊళ్లో, తెడ్డునీ గెడనీ కూటికోసం పట్టినవారు మన తెలుగువాళ్లు. బకింగ్‌హామ్ కాలువ మీద కోస్తా జిల్లాల నుంచి బియ్యం, కట్టెలు, ఉప్పు బేసిన్ బ్రిడ్జికి చేరేవి. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గెడ, అదీ చాలకపోతే గట్టు మీద నడుస్తూ తాడు లాగడం. 1876-78 కరువులో కూలీల చేత కూవం నదికీ అడయారుకూ మధ్య కాలువ తవ్వించి, అప్పటి గవర్నరు పేరు పెట్టారు. ఆ సరంగుల పేర్లు ఏ ఫలకం మీదా లేవు.

ఒకే పని దొర చేస్తే క్రీడ, మనవాడు చేస్తే కూలి. మరి చదువుకున్న మనవాడు చేస్తే? ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే శ్రీనగర్ దాకా వెళ్లాలి.

సిసిల్ టిండేల్ బిస్కో అనే పాదిరి 1890లో కాశ్మీరు మిషన్ బడికి వచ్చాడు. పొట్టి మనిషి. 1884లో ఆక్స్‌ఫర్డుతో జరిగిన పందెంలో కేంబ్రిడ్జి పడవకు చుక్కాని పట్టి గెలిపించినవాడు. బడిలో ఎక్కువమంది పండితుల పిల్లలు. పుస్తకం తప్ప మరొకటి ముట్టడం వాళ్లకు నామోషీ. తోలు బంతి తాకితే మైల. తెడ్డు పట్టడం హాంజీల పని, అంటే పడవవాళ్ల పని. ఊరి చుట్టూ జీలం నది, దాల్ సరస్సు ఉన్నా ఈత రాని పిల్లలే ఎక్కువ.

బిస్కో ఉపన్యాసంతో ఊరుకోలేదు. తాను పడవలో కూర్చుని తెడ్డు వేయించాడు. గట్టు మీద జనం ఎగతాళి చేశారు. కానీ వరదలు వచ్చినప్పుడు, మనుషులు నీళ్లలో కొట్టుకుపోతున్నప్పుడు, ఆ బడి పిల్లలే పడవలేసుకుని వెళ్లారు. బడి ముద్ర మీద రెండు తెడ్లు అడ్డంగా ఉంటాయి. తెడ్డు కష్టానికి గుర్తు, హృదయాకారంలో ఉండే దాని రెక్క దయకు గుర్తు.

నాకు బాగా నచ్చింది ఆయన మార్కుల లెక్క. బుద్ధికి ఒక ఖాతా, ఒంటికి ఒకటి, నడతకు ఒకటి. మూడూ కలిస్తేనే నిల్వ తేలేది. ఒక వయసు దాటాక కూడా ఈత రాకపోతే ఫీజు పెంచేవాడు. బాకీదారుకు వడ్డీ పెంచినట్టన్నమాట!

అయితే ఈ ఖాతాలో రెండో వైపు కూడా చూడాలి. కాశ్మీరీలను గురించి ఆయన రాతల్లో చులకన కనిపిస్తుంది. మగతనం నేర్పేది ఇంగ్లీషువాడే అన్న ధీమా ఉంది. బెత్తమూ ఉంది. అవి కప్పిపుచ్చి పొగడనక్కరలేదు. కానీ 1947 దాకా, అర్ధశతాబ్దానికి పైగా, ఒకే బడిని అంటిపెట్టుకుని ఉన్నాడు. పిల్లలకు చెప్పిన పని తాను చేసి చూపాడు.

అది ముఖ్యంగా ఇంటినుంచి వచ్చి చదువుకునే బడి. పిల్లలతోనే కాపురం ఉండే బడికి మన తెలుగునేలలోనే ఉదాహరణ ఉంది. అనిబిసెంట్ జాతీయ విద్యోద్యమంలో 1918లో గిండీలో వెలసిన పాఠశాల 1931లో మదనపల్లె దగ్గరి రిషివ్యాలీకి తరలింది. మదనపల్లెలో పుట్టి అడయారులో పెరిగిన జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనకు అది రూపం. జి.వి. సుబ్బారావుగారు అక్కడి తొలి ప్రధానోపాధ్యాయులు. 1950లో వచ్చిన గార్డన్ పియర్స్, సాయంత్రం పిల్లలంతా గుట్ట మీద మౌనంగా కూర్చుని పొద్దు గూకడం చూసే అస్తాచల్ అనే అలవాటును పెంచాడు. అక్కడ నది లేదు, పడవ లేదు. కానీ పంతులూ పిల్లవాడూ ఒకే ఆవరణలో నిద్ర లేస్తారు, ఒకే చోట తింటారు.

నేను చదువుకున్న హాస్టల్లో అలా లేదు. వార్డెను రాత్రి గేటుకు తాళం వేసి తన ఇంటికి వెళ్లిపోయేవారు. ఒక రాత్రి తోటి కుర్రవాడికి జ్వరం నూటమూడు దాటితే, మేమే గోడ దూకి ఆటో పిలుచుకొచ్చాం. మర్నాడు గోడ దూకినందుకు జరిమానా కట్టాం. జ్వరం సంగతి ఎవరూ అడగలేదు. ఆ రశీదు చాలాకాలం దాచుకున్నాను.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఈ ఊళ్లో మన పిల్లల తెలుగు గురించే. 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. ఉన్న ఊరి భాష రావాల్సిందే, అందులో నాకు పేచీ లేదు. మన తెలుగును మాత్రం వారానికో గంట పాఠంగా చేసి, ఆ గంట అయ్యాక తాళం వేసి వెళ్లిపోతున్నాం. పిల్లవాడు తిన్నప్పుడు, ఆడినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు పక్కన వినబడని భాష వాడికెలా అంటుకుంటుంది?

పందెపు పడవలో తెడ్డు వేసేవాళ్లు వెనక్కి చూస్తూ ముందుకు పోతారు. దారి చూసేవాడు చుక్కాని దగ్గర కూర్చున్న ఒక్కడే. గట్టు మీద నిలబడి దారి చూపేవాళ్లు మన సంఘాల్లో చాలామందే ఉన్నారు. నాతో కలిపి. పడవలోకి దిగాల్సినవాళ్లే తక్కువయ్యారు. వచ్చే ఆదివారం నుంచి మా వీధి పిల్లలు నలుగురిని మా ఇంటికి భోజనానికి పిలుస్తున్నాను. పుస్తకం తరువాత తీద్దాం, ముందు పప్పూ అన్నం తింటూ నాలుగు మాటలు తెలుగులో చెప్పుకుందాం.