గోదావరి డెల్టా పంట వ్యర్థాలు – ఉత్తేజిత కర్బనం

పంట వ్యర్థాన్ని గాలి తగలకుండా కాల్చి బొగ్గు చేసి, ఆ బొగ్గులో నీటి ఆవిరితో సూక్ష్మరంధ్రాలు తెరిపిస్తే ఉత్తేజిత కర్బనం (యాక్టివేటెడ్ కార్బన్) తయారవుతుంది. మేలురకంలో ఒక్క గ్రాము బొగ్గు లోపలి గోడల వైశాల్యం 1000 చదరపు మీటర్లు దాటుతుంది. నీటిలోని రంగు, దుర్వాసన, పురుగుమందుల అవశేషాలు ఆ గోడలకే అంటుకుంటాయి. ఈ ప్రక్రియే అధిశోషణం.

డెల్టాలో దొరికే ముడిసరుకుల్లో కొబ్బరి పెంకుకు సాటి లేదు. గట్టిది, బూడిద తక్కువ, రంధ్రాలు బాగా సన్నం. మొదటి ప్రపంచయుద్ధంలో విషవాయువుల నుంచి కాపాడే ముసుగుల్లో ఈ పెంకు బొగ్గునూ వాడారు. అయితే కోనసీమ నుంచి పీచు ఒలిచిన కాయ లారీలకెక్కి ఉత్తరాదికి వెళ్తే దాంతో పాటే పెంకూ వెళ్లిపోతుంది. అంబాజీపేట చుట్టుపక్కల కురిడీలు కొట్టేచోట, ఎండు కొబ్బరి తీసేచోట మాత్రమే అది మిగులుతుంది. పరిశ్రమ పెట్టాలనుకునేవారు తోటల విస్తీర్ణం కన్నా ముందు చూడాల్సింది ఈ లెక్కే. సుమారు మూడు నాలుగు టన్నుల పెంకుకు టన్ను బొగ్గు వస్తుంది. దాన్ని 800–1000 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఆవిరి పట్టిస్తే ఇంకా తరుగుతుంది.

ధాన్యం బరువులో దాదాపు ఐదో వంతు ఊకే. కానీ దాన్ని కాల్చితే 15–20 శాతం బూడిద మిగులుతుంది, అందులో అధికభాగం సిలికా. క్షారంతో కడిగి సిలికాను తీసేస్తే గానీ మంచి కర్బనం రాదు. పైగా ఉప్పుడు మిల్లుల బాయిలర్లకు ఊకే ఇంధనం కాబట్టి దాన్ని ఊరికే పోయే సరుకుగా లెక్కగట్టకూడదు.

ఫాస్ఫారిక్ ఆమ్లం, జింక్ క్లోరైడ్ వంటివి కలిపి తక్కువ వేడిలోనూ ఉత్తేజితం చేయవచ్చు. ఆ రసాయనాలు పోయేలా కర్బనాన్ని కడిగిన నీటిని శుద్ధి చేయకుండా కాలువలోకి వదిలితే మాత్రం ఒక కాలుష్యాన్ని తీయబోయి మరొకటి తెచ్చినట్టే. డెల్టా కాలువలు సాగునీటితో పాటు తాగునీరూ ఇస్తాయి.

కాగితపు మిల్లుల నీటికి కలపలోని లిగ్నిన్ అనే పదార్థం వల్ల వచ్చే గోధుమరంగును ఈ కర్బనం తగ్గిస్తుంది. 1920ల నుంచీ కాగితం మిల్లు ఉన్న రాజమహేంద్రవరానికి ఇది దగ్గరి విషయమే. ఖర్చు ఎక్కువ కాబట్టి సూక్ష్మజీవులతో శుద్ధిచేసిన తర్వాత, చివరి దశలో వాడటం మేలు. తీరగ్రామాల బావుల్లోని ఉప్పదనాన్ని ఇది తీయలేదు. చేపలు, రొయ్యల చెరువుల్లో పేరుకునే అమ్మోనియానూ పెద్దగా పట్టుకోదు. రంధ్రాలు నిండాక కర్బనాన్ని మార్చాలి, లేదా కొలిమిలో మళ్లీ వేడిచేసి పునరుద్ధరించాలి.