చందా పుస్తకం - హన్మకొండ, 1904

మా ఆఫీసులో ప్రతి ఏడాదీ ఒక వారం పాటు అందరికీ హఠాత్తుగా దయ పుట్టుకొస్తుంది. ముందు హెచ్చార్ నుంచి మెయిల్ వస్తుంది, ఆ తర్వాత మేనేజర్ నుంచి "గుర్తు చేస్తున్నాను" అంటూ ఇంకోటి. మీరు వంద ఇస్తే కంపెనీ ఇంకో వంద కలుపుతుంది. టీషర్టు ఉచితం. మీలో చాలామందికి ఇది తెలిసిన భాగోతమే.

కొన్నేళ్ళ క్రితం ఆ వారంలోనే మా బృందం పాత పుస్తకాలు పోగుచేసింది. మాది హన్మకొండ కాబట్టి అక్కడికి దగ్గర్లోని ఒక ఊరి బడికి పంపే బాధ్యత నా మీద పడింది. పధ్నాలుగు అట్టపెట్టెలు, ఫోటోలు, చప్పట్లు. ఏడాది తర్వాత పండక్కి వెళ్ళినప్పుడు ఆ బడికి పోయి చూశాను. పెట్టెలు అంటించిన టేపుతోనే ఉన్నాయి. "తాళంచెయ్యి పెద్దసారు దగ్గరుంటది సార్. ఆయన దినాం రాడు" అన్నాడు అక్కడి అటెండరు. తెరిచి చూసినా ఏముందని? సగం జావా 1.2 పుస్తకాలు, మిగతా సగం జీఆర్ఈ పదజాలం. మేం దానం చెయ్యలేదు, ఇళ్ళు ఖాళీ చేసుకున్నాం.

ఆ పూట ఇంటికొచ్చాక నాన్నతో మాట్లాడుతుంటే శ్రీ రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం ప్రస్తావన వచ్చింది. చిన్నప్పుడు ఎన్నోసార్లు విన్న పేరే. కానీ అది 1904లో పెట్టిందని అప్పటిదాకా నా బుర్రకెక్కలేదు.

1904 అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, సేవాక్లబ్బులు అమెరికా నుంచి వచ్చిన సరుకని నేను అనుకునేవాణ్ణి. రోటరీ మొదలైంది 1905 ఫిబ్రవరి 23న, షికాగోలో. పాల్ హారిస్ అనే లాయరు, ఇంకో ముగ్గురు. మొదట్లో అది ఒకరి వ్యాపారానికి ఒకరు సాయపడే ఏర్పాటే. 1907లో ఊళ్ళో జనానికి మరుగుదొడ్లు కట్టించే పని ఎత్తుకున్నాకే సేవ అనేది అందులోకి వచ్చింది. లయన్స్ పుట్టింది 1917లో, అదీ షికాగోలోనే. రోటరీ కలకత్తా చేరింది 1920లో, లయన్స్ మన దేశానికొచ్చింది 1956లో. అంటే షికాగోలో ఆ నలుగురూ కూర్చునే నాటికే హన్మకొండలో చందాలు పోగవుతున్నాయి. ఏదో గొప్ప చెప్పుకోవాలని కాదు గానీ, కాస్త గొప్పగానే ఉంది :-)

ఇంతకీ ఆ చందాలు దేనికి? ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. నిజాం రాజ్యంలో 1880ల్లో ఫార్సీ పోయి ఉర్దూ రాజభాషయింది. కచేరీ, కోర్టు, ఉద్యోగం, పెద్ద చదువు అన్నీ అందులోనే. జనంలో సగం మంది దాకా తెలుగువాళ్ళే అయినా తెలుగులో అర్జీ పెట్టుకునే దిక్కు లేదు. పైగా ఏ భాషలోనైనా సరే, నూటికి అయిదుగురికి కూడా చదవడం రాని కాలం. అలాంటి చోట తెలుగు గ్రంథాలయం పెడదామనుకోవడం, ఇప్పటి లెక్కలో చెప్పాలంటే, వాడేవాళ్ళు లేని ప్రాడక్టుకి పెట్టుబడి అడగడమే.

మొదటి అడుగు హైదరాబాదులో, 1901 సెప్టెంబరు 1న పడింది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు, రావిచెట్టు రంగారావు, ఇంకొందరు కలిసి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టారు. రంగారావుగారి ఇంట్లోనే. ఆ ఇల్లున్నది బ్రిటిషు రెసిడెన్సీ పరిసరాల్లో, నిజాం పోలీసు చెయ్యి అంత తేలిగ్గా చేరని చోట. (ఇప్పుడు మనం సర్వరు ఏ దేశంలో పెట్టాలా అని ఆలోచిస్తాం చూడండి, అలాంటిదే.) రంగారావుగారు చిన్న వయసులోనే పోయారు. ఆ తర్వాత ఆయన భార్య లక్ష్మీనరసమ్మగారు భవనానికి విరాళం ఇచ్చారు. సొంత కట్టడం సమకూరేసరికి ఇరవయ్యేళ్ళు పట్టింది.

హన్మకొండ కథ ఇంకా కష్టం. అక్కడ రెసిడెన్సీ నీడ లేదు. ఉన్నదల్లా కొందరు చిన్న ఉద్యోగులు, వకీళ్ళు, కాస్త ఉన్నవాళ్ళు. మాడపాటి హనుమంతరావు అప్పట్లో ఉద్యోగరీత్యా హన్మకొండలో ఉండేవారు. వయసు ఇరవై నిండలేదు. సర్కారు కొలువులో ఉంటూ సర్కారుకి నచ్చని భాష కోసం సంస్థ పెట్టే పనిలో పాలుపంచుకున్నారు. ఇదే మనిషి తర్వాత హైదరాబాదులో ఆడపిల్లలకి తెలుగు బడి పెట్టి, 1951లో ఆ నగరానికి మేయరయ్యారు. ఆ వయసులో నేను ఎంసెట్ ర్యాంకు గురించి ఏడుస్తున్నాను.

అన్నట్టు, ఆ పేరు మాత్రం నాకు ఎప్పుడూ వింతే. 1163లో రుద్రదేవుడు శాసనం వేయించిన వేయిస్తంభాల గుడి పక్కనే ఉంచుకుని, పాల్కురికి సోమన పుట్టిన ప్రాంతంలో ఉండి, గ్రంథాలయానికి రాజమహేంద్రవరం రాజు పేరు పెట్టుకున్నారు. నన్నయ చేత భారతం మొదలుపెట్టించినవాడని కావచ్చు. మన కాకతీయులు గుర్తురాలేదా అని చిన్నప్పుడు రోషంగా ఉండేది. ఇప్పుడు చూస్తే, నిజాం రాజ్యం వెలుపల కూడా తెలుగు ఉంది, మనం ఒంటరివాళ్ళం కాదు అని ఆ పేరు చెప్తున్నట్టు అనిపిస్తుంది. ఇది నా ఊహే లెండి.

చందాతో నడిచే గది ఏం చేస్తుంది? పత్రిక వస్తే ఒకరు పైకి చదువుతారు, నలుగురు వింటారు. విన్నవాళ్ళకి ఊళ్ళ సంగతులు తెలుస్తాయి. తెలిశాక ఊరికే ఉండరు. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన ఒక సంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ రాత్రే ఆంధ్రజనసంఘం పుట్టింది. 1923లో వేర్వేరు ఊళ్ళ సంఘాలన్నీ కలిసి కేంద్రసంఘంగా మొదటిసారి సమావేశమైంది ఎక్కడనుకున్నారు? హన్మకొండలో. గ్రంథాలయాలు పెట్టడం, బళ్ళు పెట్టడం, తాటాకు గ్రంథాలూ శాసనాలూ సేకరించడం, వెట్టిచాకిరీ మీద చిన్న పుస్తకాలు వేసి పంచడం, ఇవీ వాళ్ళ పనులు. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభకి ఇదే పునాది. సర్కారు కూడా ఊరుకోలేదు. ఖాన్గీ బడి పెట్టాలంటే అనుమతి, సభ పెట్టాలంటే గస్తీ నిషాన్ 53 కింద అనుమతి. అలాంటి రోజుల్లో చందా పుస్తకంలో పేరు రాయడమంటే, రేపు ఎవరైనా ఆ పుస్తకం తెరిస్తే దొరికిపోయేటట్టు సంతకం చెయ్యడమే. మనం ఇచ్చే వంద రూపాయలకి ఆ బరువు లేదు. ఎనభై-జీ రసీదు మాత్రం ఉంది.

అంటే రోటరీ, లయన్స్ తక్కువవని కాదు. ఆర్చ్ క్లంఫ్ 1917లో నిధి పెడదామంటే రోటరీకి మొదట వచ్చిన విరాళం 26 డాలర్ల 50 సెంట్లు. ఆ సంస్థే 1985లో పోలియోని తలకెత్తుకుంది. మన దేశంలో ఆఖరి కేసు 2011 జనవరిలో హౌరాలో. వరంగల్‌లో లయన్స్ కంటి శిబిరాలకి వెళ్ళి చూపు తెచ్చుకున్నవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు. వాళ్ళకి సంతలో బ్యానరు పెద్దదైందా, తంబోలా ఆడి డబ్బు పోగుచేశారా అన్నది అక్కర్లేని సంగతి.

నన్ను తొలిచే విషయం వేరే. 1960లో ఉమ్మడి రాష్ట్రంలో గ్రంథాలయాల చట్టం వచ్చింది. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున సెస్సు. అంటే ఇప్పుడు మీరు, నేను, మా అటెండరు అందరం గ్రంథాలయానికి చందాదారులమే, కాకపోతే ఎవరికీ ఆ సంగతి తెలియదు. చాలాచోట్ల మునిసిపాలిటీలు ఆ డబ్బు వసూలు చేసుకుని గ్రంథాలయ సంస్థలకి జమ చెయ్యకపోయినా అడిగే నాథుడు లేడు. 1904లో నెలకి అర్ధరూపాయో పావలానో ఇచ్చినవాడు మాత్రం సాయంత్రం వచ్చి "పత్రిక ఏదయ్యా?" అని అడిగి ఉంటాడు. ఇచ్చినవాడూ వాడుకున్నవాడూ ఒకడే కదా.

మా పధ్నాలుగు పెట్టెల్లో తక్కువైంది ఆ అడిగేవాడే. బడికి పుస్తకాల కన్నా ముందు తాళం తీసే మనిషి కావాలి.

అందుకే పోయిన ఏడాది మెయిల్ వచ్చినప్పుడు నేనూ ఒక జవాబు రాశాను. పుస్తకాలు వద్దు, ఆ ఊళ్ళో డిగ్రీ చదివిన ఒకమ్మాయికి రెండేళ్ళపాటు సాయంత్రాలు గది తెరిచినందుకు జీతం ఇద్దాం, మేం సగం వేసుకుంటాం, కంపెనీ సగం కలపండి అని. మర్నాడే సమాధానం వచ్చింది. పాలసీ ప్రకారం జీతాలకి మ్యాచింగ్ వర్తించదట. పుస్తకాలకైతే ఇస్తారట.

దాంతో ఆరుగురం కలిసి నెలనెలా చందా మొదలుపెట్టాం. గది తెరుచుకుంటోంది. సాయంత్రం పది పన్నెండు మంది పిల్లలు వస్తున్నారట, ఎక్కువగా వారపత్రికల బొమ్మల కోసం. చందా పుస్తకం నా దగ్గరే ఉంది, మామూలు ఎక్సెల్ షీటు. మూడో నెలకి ఇద్దరు బాకీ పడ్డారు. అందులో ఒకణ్ణి నేనే.