ఇందూరు సీమలో ఊపిరి వ్యాధులు: గాలిని గుర్తించిన చరిత్ర

నిజామాబాద్ పట్టణంలోనూ బోధన్ చెరకు ప్రాంతంలోనూ గత నూరేళ్ల ప్రజారోగ్య చరిత్రను పరిశీలిస్తే, నీటి ద్వారా, దోమల ద్వారా వచ్చే వ్యాధుల గురించిన అవగాహన క్రమంగా స్థిరపడిందనీ, ఊపిరి ద్వారా వచ్చే వ్యాధుల విషయంలో మాత్రం అది చాలా ఆలస్యమైందనీ తెలుస్తుంది. ఆ ఆలస్యానికి బాధ్యత ఈ సీమ ఒక్కదానిదే కాదు; ప్రపంచ వైద్యశాస్త్రమే చాలాకాలం పాటు గాలిని లెక్కలోకి తీసుకోలేదు.

పూర్వం ఇందూరుగా పేరుపొందిన ఈ పట్టణం ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లకే సికింద్రాబాద్–మన్మాడ్ మీటర్‌గేజి రైలుమార్గం మీద ఒక స్టేషనైంది. మన్మాడ్ మీదుగా బొంబాయికి దారి ఏర్పడింది. తెలంగాణ నుంచి పనికోసం బొంబాయి చేరిన కూలీలను అక్కడివారు కామాఠీలని పిలిచేవారు; కామాఠీపుర అనే పేట వారి పేరునే నిలుపుకొంది. 1918 జూన్‌లో ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి బొంబాయి రేవులో తలయెత్తి, సెప్టెంబరు నాటికి మరింత ప్రాణాంతకమైన రెండో విడతగా మారి, ప్రధానంగా రైలుమార్గాల వెంటే దేశమంతటా వ్యాపించింది. 1911లో 1,33,74,676గా ఉన్న హైదరాబాద్ రాజ్య జనాభా 1921 నాటికి 1,24,71,770కి పడిపోయింది. ఈ తగ్గుదలకు 1918 నాటి వర్షాభావమూ, ఆ దశాబ్దపు ప్లేగూ తోడైనప్పటికీ, ఇన్‌ఫ్లుయెంజా పాత్ర అందులో చాలా పెద్దది. కిక్కిరిసిన రైలుపెట్టెలో గంటల తరబడి ఒకరు విడిచిన ఊపిరినే మరొకరు పీల్చడం ఎంత ప్రమాదమో ఆనాటి ప్రయాణికులకు చెప్పగలిగిన శాస్త్రం ఇంకా రూపుదిద్దుకోలేదు.

అందుకు కారణం అంతకు ఇరవై ఏళ్ల ముందరి ఒక గొప్ప విజయంలో ఉంది. చిత్తడి నేలల నుంచి లేచే చెడుగాలే మలేరియాకు మూలమని శతాబ్దాలుగా నమ్ముతూ వచ్చిన కాలంలో, 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని గుర్తించి, గాలి మీద ఉన్న ఆ అపవాదును తొలగించారు. అదే ఏడాది జర్మనీలో శాస్త్రవేత్త కార్ల్ ఫ్లూగె, మాట్లాడేటప్పుడూ దగ్గేటప్పుడూ నోటి నుంచి వెలువడే తుంపరల్లో సూక్ష్మజీవులు ఉంటాయని చూపారు. ఈ రెండు దారుల్లో వచ్చిన ఫలితాలను అమెరికా ఆరోగ్యాధికారి చార్లెస్ చాపిన్ 1910లో ఒక సిద్ధాంతంగా కూర్చి, అంటువ్యాధులు ప్రధానంగా స్పర్శ వల్లా, దగ్గరి తుంపరల వల్లా వస్తాయనీ, గాలి ద్వారా దూరం పాకడం అరుదనీ బోధించారు. ఆ బోధ వైద్యుల శిక్షణలో దశాబ్దాలపాటు నిలిచిపోయింది.

ఈలోగా ఇందూరు సీమ రూపురేఖలు మారాయి. 1923లో మంజీరా నది మీద మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ జలాశయం కింద చెరకు విస్తరించగా, 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడి, దాని చుట్టూ శక్కర్‌నగర్ అనే కార్మికవాడ వెలిసింది. నిజామాబాద్‌కు చేరువలోని డిచ్‌పల్లిలో స్కాట్లండ్ వైద్యురాలు ఇసబెల్ కెర్, నర్సాగౌడ్ వంటి స్థానిక దాతల అండతో 1915లోనే కుష్ఠు ఆసుపత్రిని నెలకొల్పారు. ఆనాటి సమాజం కుష్ఠురోగి స్పర్శకు భయపడి అతణ్ని వెలివేసింది. ఆ వ్యాధి ముఖ్యంగా చికిత్స పొందని రోగి ముక్కు నుంచి వెలువడే తుంపరల ద్వారా, దీర్ఘకాల సహవాసంలో వ్యాపిస్తుందన్న అభిప్రాయం బలపడడానికి చాలాకాలం పట్టింది.

గాలి గురించిన అసలు వివరణ 1934లో అమెరికా శాస్త్రవేత్త విలియం వెల్స్ ఇచ్చారు. నోటి నుంచి వెలువడే పెద్ద తుంపరలు కొద్ది అడుగుల దూరంలోనే నేలరాలుతాయనీ, సన్నని తుంపరలు మాత్రం నేలను తాకకముందే నీరు ఆవిరై, ఎండిన నలుసులుగా మిగిలి గంటల తరబడి గాలిలో తేలుతాయనీ ఆయన లెక్కకట్టారు. మూసిన గదిలో మూలన వెలిగించిన అగరువత్తి పొగ కొంతసేపటికి గదంతా నిండినట్లే, ఈ నలుసులు కూడా మనిషికీ మనిషికీ మధ్య ఉన్న దూరాన్ని పాటించకుండా పాకుతాయి. వెల్స్ శిష్యుడు రిచర్డ్ రైలీ 1950లలో బాల్టిమోర్‌లో క్షయరోగుల వార్డు నుంచి వచ్చే గాలిని గినీపందుల గదిలోకి మళ్లించి, ఆ గాలి ఒక్కటే వాటికి క్షయను అంటించగలదని నిరూపించారు. అయినప్పటికీ ఇన్‌ఫ్లుయెంజా, జలుబు వంటి వైరస్ వ్యాధులకు ఈ వివరణ వర్తించదన్న అభిప్రాయమే చాలాకాలం రాజ్యమేలింది.

ఆ అభిప్రాయానికి ఎక్కువ మూల్యం చెల్లించినది ఇరుకు గదుల్లో బతికే శ్రామికులే. నిజామాబాద్, ఆర్మూర్, కామారెడ్డి ప్రాంతాల్లో వేలాది మహిళలు ఇళ్లలోనే తునికాకు కత్తిరించి, తంబాకు పోసి బీడీలు చుడతారు. గాలి వీస్తే తంబాకు పొడి ఎగిరిపోతుంది గనుక ఫ్యాను ఆపి, కిటికీ మూసి పనిచేయవలసి వస్తుంది. ఫలితంగా ఆ పొడీ, పక్కవారి ఊపిరీ గదిలోనే నిలిచిపోతాయి. ఇదే సీమ నుంచి గల్ఫ్ దేశాలకు వలసపోయినవారు అనేకమంది ఒకే గదిలో అంతస్తుల మంచాల మీద పడుకునే కార్మిక శిబిరాల్లో కాలం గడిపారు. ఆరుబయట చెరకు నరికేవారి ఊపిరి మాత్రం గాలిలో కలిసి చెదిరిపోతుంది. రథసప్తమినాడు కంఠేశ్వర్‌లో నీలకంఠేశ్వరుని జాతరకు వచ్చేవారిలోనూ, రోగాలు రాకూడదని ఆషాఢంలో గ్రామదేవతలను ఊరేగించే ఊర పండుగకు వచ్చేవారిలోనూ రద్దీ వల్ల దగ్గరి ముప్పు లేకపోలేదు గాని, మూసిన గదిలో మాదిరిగా గాలి పోగుపడదు.

2020 మార్చి 2న తెలంగాణలో తొలి కోవిడ్ కేసు బయటపడింది. అదే నెల 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వ్యాధి గాలి ద్వారా వ్యాపించదని ప్రకటించింది. జూలైలో 239 మంది శాస్త్రవేత్తలు ఆ వైఖరిని ప్రశ్నిస్తూ బహిరంగ లేఖ రాశారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు చండీగఢ్ సహచరులతో కలిసి కోవిడ్ వార్డుల గాలిని సేకరించి పరీక్షించగా, అందులో వైరస్ జన్యుపదార్థం కనిపించింది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గాలి పాత్రను అంగీకరించింది. 2024లో తుంపర, నలుసు అన్న పాత విభజనను పక్కనపెట్టి, అన్ని పరిమాణాల కణాలకూ వర్తించే ఒకే పరిభాషను సూచించింది.

చేతులు కడుక్కోవడం, దూరం పాటించడం అనవసరమని ఈ చరిత్ర చెప్పదు. అవి మాత్రమే చాలవని చెబుతుంది. తన గదిలోకి వచ్చే గాలిని ఏ కార్మికురాలూ ఒంటరిగా శుభ్రం చేసుకోలేదు గనుక, గదిలోని గాలి మొత్తం గంటకు ఎన్నిసార్లు మారుతుందో కొలిచి, తక్కువైన చోట ఎదురెదురు కిటికీలూ, గాలిని బయటికి లాగే ఫ్యాన్లూ, వడపోత యంత్రాలూ అమర్చే బాధ్యతను పరిశ్రమలూ ప్రభుత్వమూ స్వీకరించాలి. బడిగదులతోనూ, ఆసుపత్రి వార్డులతోనూ పాటు బీడీలు చుట్టే ఇళ్లకు కూడా ఆ రక్షణ దక్కినప్పుడే, ఇంత మంది ప్రాణాలు పోయాక తెలిసిన ఈ సత్యానికి ఇందూరు సీమలో అర్థం ఉంటుంది.