అరెస్టు తీర్పు కాదు

2022 చివరలో మామిడికుదురు మండలం నగరం గ్రామం నుంచి ఒక యువకుడు కాగితాల కట్టతో మా ఇంటికొచ్చాడు. కువైట్‌లో డ్రైవరు పని ఖాయమైంది. వీసాకు పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కావాలి. అదే రావటం లేదు. ఆ ఏడాది మే 24న అమలాపురంలో జరిగిన విధ్వంసం కేసులో అతను అరెస్టయి, బెయిలు మీద ఉన్నాడు.

"నేను రాయి ఇసర్లేదండి మేస్టారూ, రోడ్డు పక్కన నుంచున్నానండి" అన్నాడు.

జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టరాదని ఇళ్లు తగలబెట్టిన ఆ ఉన్మాదాన్ని నేను ఏ రూపంలోనూ సమర్థించను. ఇతను చెప్పింది నిజమో కాదో తేల్చవలసింది న్యాయస్థానం. అది తేల్చకముందే శిక్ష అమలు కావచ్చునా అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఈ ప్రశ్నకు చరిత్ర ఉంది. 1920లో వలస ప్రభుత్వం చేసిన చట్టం దేశంలోకి వచ్చేవారికి పాస్‌పోర్టు ఉండాలన్నదే గాని, పౌరుడికి దాన్ని పొందే హక్కు ఇవ్వలేదు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా దాదాపు ఇరవై ఏళ్లు అది అధికారుల ఇష్టాయిష్టాల వ్యవహారంగానే నడిచింది. సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వ్యాపారి మీద నేరం రుజువు కాలేదు, దర్యాప్తు మాత్రమే సాగుతోంది. అయినా పాస్‌పోర్టులు అప్పగించమన్నారు. ఆయన సుప్రీంకోర్టుకెక్కాడు. విదేశయానం వ్యక్తి స్వేచ్ఛలో భాగమనీ, చట్టమంటూ లేకుండా దాన్ని అడ్డుకోరాదనీ 1967 ఏప్రిల్ 10న అయిదుగురిలో ముగ్గురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. ఆ తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు మన గోదావరి ఒడ్డునున్న రాజమండ్రిలో పుట్టినవారు.

ఆ దెబ్బతో అదే ఏడాది పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. నైతిక పతనంతో కూడిన నేరానికి గత అయిదేళ్లలో కనీసం రెండేళ్ల శిక్ష పడినా, క్రిమినల్ కోర్టులో కేసు నడుస్తున్నా పాస్‌పోర్టు నిరాకరించవచ్చునంది. ఒకప్పుడు అరెస్టయ్యాడన్నది మాత్రమే అందులో కారణం కాదు. కేసు నడుస్తున్నా కోర్టు అనుమతితో ప్రయాణించే వీలును 1993 ఆగస్టు 25 నాటి ప్రకటన కల్పించింది.

అయితే చట్టం గీసిన ఈ గీత దరఖాస్తు కాగితం మీద చెరిగిపోతుంది. అమెరికా వీసా పత్రం అరెస్టునూ శిక్షనూ ఒకే ప్రశ్నలో కలిపి అడుగుతుంది. కలవాడు వకీలును పెట్టుకుని కోర్టు అనుమతి తెచ్చుకుంటాడు. గల్ఫుకు పోయే శ్రమజీవికి అనుమతి చేతికొచ్చేలోగా వీసా గడువు దాటిపోతుంది. హక్కు ఇద్దరిదీ ఒకటే. దాన్ని వాడుకునే స్తోమత ఒకటి కాదు.

1975–77 ఎమర్జెన్సీలో విచారణ లేకుండానే నిర్బంధంలో మగ్గిన రచయితలు మనలో ఉన్నారు. ఆ ప్రశ్నకు 'అవును' అని రాయవలసినవారిలో వారూ ఒకరు. నచ్చినవారి విషయంలోనే మాట్లాడితే అది హక్కు కాదు, పక్షపాతం. జైలు మీద మనకు సాహిత్యం ఉంది. విడుదలైన మనిషిని జీవితమంతా వెంటాడే ఈ కాగితాల మీద రావలసినంత రాలేదు.

ఏదీ దాచవద్దనీ, కోర్టులో అనుమతి కోరమనీ ఆ కుర్రవాడికి చెప్పాను. కోరాడు. వాయిదా పడింది. ఈలోగా కువైట్ పని మరొకరికి పోయింది.