స్పెక్ట్రమ్ వేలములు – న్యాయవివాదములు

నిస్తంత్రీ సమాచారమునకు ఉపకరించు తరంగములలో ఏ పౌనఃపున్యమును ఎవరు, ఏ ప్రాంతమున, ఎంతకాలము, ఎంత మూల్యమునకు వాడుకొనవలెనో నిర్ణయించు అధికారము ప్రభుత్వమునదే. ఒకేచోట ఒకే పౌనఃపున్యముపై ఇరువురు ప్రసారము సాగించినచో ఇరువురి మాటయు చెడిపోవును గావున ఆ నిర్ణయము తప్పనిసరి; పంపకమున్నచోట తగవు పుట్టుటయు తప్పలేదు. భారతదేశమున ఈ అధికారమునకు మూలము 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టము. అందలి నాలుగవ సెక్షను టెలిగ్రాఫులను నెలకొల్పి నడుపు ప్రత్యేకాధికారమును కేంద్రప్రభుత్వమునకు ఇచ్చి, ఇతరులకు లైసెన్సు నొసగు వెసులుబాటును దానికే కల్పించినది. అటుపిమ్మట నూరేండ్లకు పైగా ఈ తరంగములకై కంపెనీలు పోటీపడు సందర్భమే రానందున, ఆ కాలమున చెప్పదగిన వ్యాజ్యము లేదు.

అన్యదేశములలో ప్రసిద్ధి కెక్కినది అమెరికాలోని నెక్స్ట్‌వేవ్ వివాదము. 1996లో దాదాపు 474 కోట్ల డాలర్లకు లైసెన్సులు పాడుకొని, చెల్లింపజాలక దివాలాకోర్టు నాశ్రయించిన ఆ కంపెనీనుండి లైసెన్సులను లాగుకొని ప్రభుత్వసంస్థ తిరిగి వేలము వేయగా, ఆ రద్దు దివాలా చట్టమునకు విరుద్ధమని 2003లో అచటి సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

భారతదేశమున మొదటి వ్యాజ్యము ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరములలో సెల్యులర్ సేవకై 1992లో పిలిచిన టెండర్లపై వచ్చినది. నగరమునకు ఇద్దరి చొప్పున ఎంపిక జరుగగా, దక్కనివారు న్యాయస్థానము నాశ్రయించిరి. 1994 జూలైలో వెలువడిన టాటా సెల్యులర్ తీర్పులో సుప్రీంకోర్టు, ప్రభుత్వ నిర్ణయముపై తాను అప్పీలు విచారించుటలేదనియు, నిర్ణయము చేసిన తీరు న్యాయసమ్మతమా కాదా యని మాత్రమే పరీక్షింతుననియు చెప్పెను. టెండరు వ్యాజ్యములలో నేటికిని న్యాయవాదులు మొదట తీసి చూపునది ఈ తీర్పే. 1995 నాటి సర్కిల్ (సేవాప్రాంత) టెండర్లలో హిమాచల్ ఫ్యూచరిస్టిక్ కంపెనీ తొమ్మిది సర్కిళ్లకు అత్యధికముగా పాడగా, ప్రభుత్వము మధ్యలో పరిమితి విధించి దానికి దక్కు సర్కిళ్ల సంఖ్యను తగ్గించెను. ఆ పద్ధతిపై వచ్చిన ఢిల్లీ సైన్స్ ఫోరమ్ వ్యాజ్యమును 1996లో సుప్రీంకోర్టు తోసిపుచ్చినది. పాడిన మొత్తములను కట్టలేక కంపెనీలు మొరపెట్టుకొనగా, 1999 విధానము నిర్ణీత రుసుమునకు బదులు ఆదాయములో వాటాను ప్రవేశపెట్టెను.

ఇదే కాలమున, క్రికెట్ పోటీల ప్రసారహక్కును గూర్చి బెంగాలు క్రికెట్ సంఘమునకును ప్రసారశాఖకును నడచిన వ్యాజ్యములో 1995 ఫిబ్రవరి 9న ఒక మహత్తరమైన తీర్పు వెలువడినది. వాయుతరంగములు ప్రజల ఆస్తి యనియు, ప్రజాప్రయోజనమునకై వాని వాడుకను నియంత్రింపవలె ననియు అందు ఉద్ఘాటింపబడెను. ధర్మాసనమున కూర్చున్న మువ్వురిలో ఒకరు, మునుపు ఆంధ్రప్రదేశ్ హైకోర్టున న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి; తమ ప్రత్యేక తీర్పులో ఆయన ఈ సూత్రమును విపులముగా చర్చించిరి. లైసెన్సు మాటయైనను వేలము మాటయైనను ప్రధానముగా లేని ఈ తీర్పు, తరువాతి వివాదముల కన్నిటికిని పునాదియైనది.

2001లో నాలుగవ సెల్యులర్ లైసెన్సుకై జరిగిన పాటలో దేశమంతటికి కలిపి తేలిన ప్రవేశరుసుము సుమారు 1,658 కోట్ల రూపాయలు. చందాదారుల సంఖ్య ఎన్నో రెట్లు పెరిగినను, 2007లో మంత్రి ఎ. రాజా ఆధ్వర్యమున టెలికాం శాఖ ఆ ధరకే, ముందు వచ్చినవారికి ముందు అను పద్ధతిని, కొత్త లైసెన్సులతోపాటు స్పెక్ట్రమ్ నిచ్చుటకు పూనుకొనెను. అక్టోబరు 1 వరకు దరఖాస్తులు తీసికొందుమని పత్రికాప్రకటన చేయగా 575 దరఖాస్తులు వచ్చినవి. వేలమును పరిశీలింపుమని ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ నవంబరు 2న లేఖ వ్రాసిరి, మంత్రి సమ్మతింపలేదు.

2008 జనవరి 10 మధ్యాహ్నము జరిగినది వివరముగా చెప్పదగియున్నది. సెప్టెంబరు 25 వరకు వచ్చిన దరఖాస్తులను మాత్రమే స్వీకరింతుమని ఆనాడు ప్రకటించిన శాఖ, వెనువెంటనే మరియొక ప్రకటనతో కంపెనీల ప్రతినిధులను 3.30 గంటలకు ఢిల్లీలోని సంచార్ భవన్‌కు రమ్మని పిలిచెను. గంటసేపటిలో సమ్మతిపత్రముల పంపిణీ ముగిసెను. దరఖాస్తు ముందు పెట్టినవారికిగాక, ఆ పత్రమందలి షరతులను నెరవేర్చి ముందుగా డబ్బు కట్టినవారికి ప్రాధాన్యము లభించునట్లు క్రమము మారినందున, ముందే డిమాండ్ డ్రాఫ్టులు, బ్యాంకు గ్యారంటీలు సిద్ధపరచుకొని వచ్చినవారు వరుసలో ముందునకు పోయిరి. వందలకోట్ల డ్రాఫ్టులు ఒక మధ్యాహ్నమున పుట్టవు. వారికి ముందుగా సమాచారము తెలిసియుండెనని తరువాత సుప్రీంకోర్టును అభిప్రాయపడినది.

గడువును వెనుకకు జరుపుటను ఎస్ టెల్ కంపెనీ ఢిల్లీ హైకోర్టులో ప్రశ్నించి 2009లో గెలిచినది. 2010 ఏప్రిల్, మే నెలలలో 34 దినములపాటు 183 విడతలుగా సాగిన 3జీ వేలములో ప్రభుత్వమునకు 67,000 కోట్లకు పైగా రాగా, 2008 నాటి ధర ఎంత తక్కువయో లోకమునకు తెలిసినది. ఆ ఏడు నవంబరులో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ వినోద్ రాయ్ నివేదిక, ఊహాత్మక నష్టమును పలువిధముల లెక్కించి, గరిష్ఠముగా 1.76 లక్షల కోట్లని చూపెను. రాజా పదవి వీడిరి.

ప్రజాప్రయోజన వ్యాజ్యముల కేంద్రము అను సంస్థయు, రాజకీయనాయకుడు సుబ్రహ్మణ్యస్వామియు వేసిన పిటిషన్లపై జస్టిస్ జి.ఎస్. సింఘ్వీ, జస్టిస్ ఎ.కె. గంగూలీల ధర్మాసనము 2012 ఫిబ్రవరి 2న తీర్పునిచ్చి, 122 లైసెన్సులను రద్దు చేసెను. ముందు వచ్చినవారికి ముందు అను పద్ధతిలోనే మౌలిక లోపమున్నదనియు, అధికారస్థానములకు దగ్గరివారు దానిని తమకు అనుకూలముగా మలచుకొనగల రనియు, కొరతగల ప్రజాసంపదను పంచుటకు తగిన ప్రచారముతో నిష్పక్షపాతముగా జరుపు వేలమే ఉత్తమమార్గమనియు అందు పేర్కొనెను. సిఫారసులకును పలుకుబడికిని తావులేని ఈ నిర్ణయము మన న్యాయచరిత్రలో ధీరమైనది. మూడు కంపెనీలపై అయిదేసి కోట్లు, మరి నాలుగింటిపై ఏబదేసి లక్షలు ఖర్చులు విధింపబడెను. ఐనను చందాదారులు ఒక్కనాటిలో నిరాధారులు కాకుండ, రద్దు నాలుగునెలల తరువాత అమలగునట్లు చేసిరి. ఆ గడువు పిదప పొడిగింపబడినది.

గనులకు, ఇతర ప్రకృతిసంపదలకు సైతము వేలమే శరణ్యమా యను సందేహముతో రాష్ట్రపతి ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అభిప్రాయము కోరిరి. ప్రధాన న్యాయమూర్తి ఎస్.హెచ్. కపాడియా అధ్యక్షతన అయిదుగురు న్యాయమూర్తులు సెప్టెంబరు 27న సమాధానమిచ్చుచు, వేలము రాజ్యాంగ విధికాదనియు, ఫిబ్రవరి తీర్పు స్పెక్ట్రమ్‌నకే పరిమితమనియు చెప్పిరి.

రద్దయిన తరంగములకు నవంబరులో జరిపిన వేలము విఫలమయ్యెను. దేశమంతటికి 14,000 కోట్ల కనీసధర నిర్ణయించినందున ఢిల్లీ, ముంబయి సర్కిళ్లలో పాడువాడే లేక, మొత్తము 9,407 కోట్లే వచ్చినవి. 2015లోని వేలము లక్షకోట్లు దాటినది. 1995 లైసెన్సుల గడువు తీరుచుండగా, పొడిగింపు తమకు హక్కని వాదించిన కంపెనీల మొరను, కృష్ణాజిల్లావారైన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ధర్మాసనము ఆ యేడు మే నెలలో త్రోసిపుచ్చెను.

2008 లైసెన్సుల విషయమున రాజా మొదలగువారిపై సీబీఐ నడిపిన క్రిమినల్ కేసు గతి వేరు. ప్రత్యేక న్యాయమూర్తి ఓ.పి. సైనీ, సాక్ష్యముకొరకు ఏండ్ల తరబడి ఎదురుచూచితిననియు ఎవరును తేలేదనియు వ్రాసి, 2017 డిసెంబరు 21న రాజాను, తక్కిన నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టిరి. లైసెన్సుల రద్దు పాలనాపద్ధతిపై తీర్పు, ఇది నేరనిరూపణపై తీర్పు; రెండవదానిచే మొదటిది రద్దుకాలేదు. సీబీఐ అప్పీలును 2024 మార్చిలో ఢిల్లీ హైకోర్టు విచారణకు స్వీకరించినది.

2023 టెలికమ్యూనికేషన్ల చట్టము స్పెక్ట్రమ్‌ను సామాన్యముగా వేలముద్వారానే ఇయ్యవలెనని విధించి, దేశరక్షణ, విపత్తు నిర్వహణ, కొన్ని ఉపగ్రహసేవలు మొదలగు 19 విషయములను మొదటి అనుబంధమున మినహాయించినది. 2012 తీర్పునకు వివరణ కోరుచు కేంద్రము 2024లో పెట్టిన దరఖాస్తును సుప్రీంకోర్టు రిజిస్ట్రారు స్వీకరింపలేదు.